మా నాయిన లెక్క



మా తండ్రిగారు 2018 జూన్ నెలలో ప్రభువునందు నిద్రించారు. "మిలిటరీలో చేసిన మనిషి, ఆయన గురించి నాలుగు మాటలు వ్రాయండి పాస్టరుగారూ, మన యౌవనస్థులకు మేలుగా ఉంటుంది" అని సంఘస్థులు చాలాసార్లు అడిగారు. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి దాటవేస్తూ వచ్చాను. ఆయనను గురించి నిజము వ్రాయాలంటే నన్ను గురించి కూడా వ్రాయాలి. అదే నాకు కష్టమైనది.

"నాన్నగారు" అని వ్రాయాలని కూర్చున్నాను గాని చెయ్యి రాలేదు. మా ఇంట్లో పిలుపు "నాయిన" అనే. అలాగే వ్రాస్తున్నాను, మన్నించండి.

మాది రావల్‌కోల్. మేడ్చల్ దగ్గర. ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా, 2016 నుండి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. మా వాడలో చాలామంది కూలి చేసుకొనేవారే. 1967 లో మా నాయిన పద్దెనిమిదేండ్ల వయసులో సికింద్రాబాదుకు పోయి, ఎత్తు, ఛాతీ కొలిపించుకొని పటాలంలో చేరి వచ్చారు. మా నానమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదట. పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరం అనే ఊరు ఉంది, అక్కడ తరతరాలుగా ఇంటింటి నుండి సైన్యానికి పోతారు గనుక దానిని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మా వాడ అటువంటిది కాదు. పట్టుమీసాలు, ఇనుప పెట్టె, కాకీ బట్టలు అన్నీ మావాళ్లకు కొత్తే. అందుకే ఆయనకు "మిలిటరాయన" అనే పేరు స్థిరపడిపోయింది. బాప్తిస్మము పేరు సంఘ రిజిస్టరులోనే మిగిలింది.

శిక్షణ బెంగుళూరులో, ఉల్సూరు చెరువు దగ్గర. మద్రాసు సాపర్లు అంటారు. 1780 నుండి ఉన్న దళము. దక్షిణ రాష్ట్రాల పిల్లలంతా ఒకరినొకరు "తంబీ" అని పిలుచుకొంటారట. సాపర్లంటే ఇంజనీరు సిపాయిలు. వంతెనలు వేయడం, రోడ్లు వేయడం, మందుపాతర్లు పెట్టడం, పెట్టినవాటిని తీయడం వాళ్ల పని. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

నేను 1980 లో పుట్టాను. నాకు తొమ్మిదేండ్లు వచ్చేవరకు నాయిన అంటే ఏడాదికి రెండు నెలల సెలవు మనిషి. ఢిల్లీ వైపు నుండి దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదులో దిగి, మేడ్చల్ దాకా బస్సులో వచ్చి, నెత్తిన నల్ల ట్రంకు పెట్టె పెట్టుకొని ఊర్లోకి నడిచి వచ్చేవారు. పెట్టె మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. ఆ పెట్టెలో నుండి వచ్చే వాసన నాకు ఇప్పటికీ గుర్తే. పాలిష్, నాఫ్తలీన్ ఉండలు, క్యాంటీను సబ్బు. 1989 లో హవల్దారుగా రిటైరై ఇంటికి వచ్చారు. తర్వాత శామీర్‌పేట వైపు ఒక ద్రాక్షతోటలో కాపలా పనికి కుదిరారు. అప్పట్లో మా చుట్టుపక్కల ద్రాక్షతోటలకు పేరు. అనాబ్-ఎ-షాహీ పండ్లు గంపలకు గంపలు పట్నానికి పోయేవి. ఇప్పుడు ఆ తోటల స్థానంలో ప్లాట్లకు రాళ్లు పాతారు.

ఆయనకు రెండు అలవాట్లుండేవి. మొదటిది నడక. పొలం గట్టు మీద మేము ముందు నడవకూడదు. ఆయనే ముందు. "నా అడుగుల అడుగు ఎయ్యి" అనేవారు. గడ్డి ఎత్తుగా పెరిగిన చోట అయితే ఆగి, కట్టెతో మెల్లగా ఏటవాలుగా పొడిచి చూసి, అప్పుడు కాలు వేసేవారు. పాముల భయమనుకొన్నాము.

రెండవది లెక్క. గిన్తీ అనేవారు హిందీలో. రాత్రి మేము పండుకొన్నాక తలలు లెక్కపెట్టేవారు. కోళ్లను లెక్కపెట్టేవారు. ఆదివారము ఆరాధనలో వెనుక చాప మీద, తలుపు పక్కన కూర్చుని సంఘాన్ని లెక్కపెట్టేవారు. మగవాళ్లు ఇంతమంది, ఆడవాళ్లు ఇంతమంది, పిల్లలు ఇంతమంది అని ఒక పాత డైరీలో వ్రాసేవారు. నేను పాస్టరునయ్యాక, గంటసేపు ప్రసంగించి ఇంటికొస్తే వాక్యము ఎలా ఉందో చెప్పేవారు కాదు. "ఇయ్యాల అరవై రెండు. పోయిన వారం అరవై నాలుగు. ఆ ఇద్దరు ఎటు పోయిన్రు?" అని అడిగేవారు. నాకు ఎంత చిరాకు వేసేదో! అయితే ఆ ఇద్దరి ఇండ్లకు వెళ్లి చూస్తే ఒకరికి జ్వరము, ఒకరింట్లో తగాదా. లెక్క ఎప్పుడూ వృథా పోలేదు. అది ఒప్పుకోవాలి.

ఇక అసలు సంగతి. నేను 2003 లో థియాలజీ డిప్లొమా పూర్తి చేసి, వేరే ఊర్లలో కొంతకాలము సేవ చేసిన తరువాత, 2009 లో పెద్దలు నన్ను మా స్వంత ఊరి సంఘానికే పంపారు. మా సంఘంలో నెలలో మొదటి ఆదివారము ప్రభురాత్రి భోజనము. దానికి ద్రాక్షారసము తయారుచేసేది మా నాయినే. ఇంటి వెనుక రెండు నల్ల ద్రాక్ష తీగలు పెంచారు. శనివారము అమ్మా ఆయనా కలిసి పండ్లు చిదిమి, కాచి, పలుచని గుడ్డలో వడబోసి, చల్లార్చి సీసాకెత్తేవారు. కాయలు లేని కాలంలో మేడ్చల్ సంతలో కొనుక్కొచ్చేవారు. చిన్న గ్లాసులు కడిగి, తుడిచి, లెక్కపెట్టి పళ్లెములో పేర్చేవారు. ఆదివారము అవన్నీ బల్ల మీదికి తెచ్చి పెట్టి, వెనక్కి పోయి తలుపు పక్కన కూర్చునేవారు.

కానీ ఆయన తీసుకొనేవారు కాదు.

రొట్టె వస్తే పక్కవారికి అందించేవారు. గ్లాసు వస్తే అందించేవారు. 1989 నుండి అంతే. అమ్మను అడిగితే "మీ నాయిన సంగతి నాకేం తెలుసు బిడ్డా, అడిగితే బయటికి పోతడు" అనేది. నాకు ముందున్న పాస్టరుగారు పెద్దమనిషి, ఊరుకున్నారు. నేను కుర్రవాణ్ణి, పైగా కొడుకును. "పాస్టరుగారి నాయినే బల్లలో చెయ్యి పెట్టడు" అని ఎవరో అన్న మాట నా చెవిన పడింది. అవమానమనిపించింది. మిలిటరీలో తాగుడు అలవాటై ఉంటుంది, ఏదో దాచిన పాపము ఉంటుంది అని మనసులో నిర్ణయించుకొన్నాను. (ఆయన తాగడం నేను ఏనాడూ చూడలేదు. అయినా అలా అనుకొన్నాను.)

2011 లో ఒక మొదటి ఆదివారము కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11 వ అధ్యాయము తీసుకొని, బల్లకు దూరంగా ఉండేవారిని గురించి గట్టిగా ప్రసంగించాను. అందులో ఉన్నది అయోగ్యముగా తీసుకొనేవారిని గూర్చిన హెచ్చరిక. నేను దానిని తిప్పి, తీసుకోని మనిషి మీద వేశాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కరలేదు, నా చూపు తలుపు వైపే ఉంది. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. ఆయన తల వంచుకొని డైరీలో ఏదో వ్రాసుకొంటూ ఉన్నారు. ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే గ్లాసులు కడిగి, లెక్కపెట్టి, గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టారు. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. గెలిచాననుకొన్నాను కాబోలు.

మరొకసారి లూకా 15 వ అధ్యాయము, తప్పిపోయిన గొఱ్ఱెను గురించి చెబుతుండగా మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయారు. అదీ తప్పుగానే తీసుకొన్నాను.

ఇన్నేండ్లలో నేను చేయనిది ఒకటే. ఆయన ఎదుట కూర్చుని "ఎందుకు నాయినా?" అని అడగలేదు.

2018 ఫిబ్రవరిలో ఆయన మంచాన పడ్డారు. ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చాక ఒక రాత్రి నేను కాపలా ఉన్నాను. నిద్ర పట్టక ఇద్దరమూ మేలుకొని ఉన్నాము. అప్పుడు అడిగాను. పాస్టరుగా కాదు, ఎందుకో ఆ రాత్రి చిన్నపిల్లవాడిలాగ అడిగాను. చాలాసేపు పలకలేదు. తర్వాత ఆయన చెప్పినది ఆయన మాటల్లోనే, నాకు గుర్తున్నంతవరకు వ్రాస్తాను.

"డెబ్బై ఒకటిల లడాయి అయింది గద. గప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. లడాయి కంటే ముందే బార్డర్ పొంట మందుపాతర్లు మేమే పెట్టినం. లడాయి అయినంక మేమే తీసినం."

1971 డిసెంబరు 3 న మొదలైన యుద్ధము మన పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. డిసెంబరు 16 న ఢాకాలో పాకిస్తాన్ సైన్యము లొంగిపోయింది. ఖైదీలు దాదాపు 93,000 మంది. పుస్తకాలలో కథ అక్కడ ముగుస్తుంది. సాపర్ల పని మాత్రము అప్పుడే మొదలైంది. యుద్ధానికి ముందు పడమటి సరిహద్దు పొలాలలో పెట్టినవన్నీ వెనక్కి తీస్తేనే రైతులు నాగలి పట్టగలరు. ఎలా తీస్తారో నాయిన ఆ రాత్రి చేతులతో చూపించారు. బోర్లా పండుకొని, ఇనుప చువ్వను నేలలోకి ఏటవాలుగా, మెల్లగా గుచ్చాలి. నిట్టనిలువుగా గుచ్చితే దాని నెత్తినే పొడిచినట్టు. గట్టిగా తగిలితే వేళ్లతో మట్టి తీయాలి. చూసిన మేరకు తెల్లని పట్టీ పరచుకొంటూ ముందుకు జరగాలి. ట్యాంకుల కోసం పెట్టేవి పెద్దవి, మనిషి నడిస్తే సాధారణంగా పేలవు. మనుషుల కోసం పెట్టేవాటిలో అరచేతిలో పట్టేంత చిన్నవి కూడా ఉంటాయి. పిల్లవాడి బరువు చాలు. తేలికవి గనుక వాననీళ్లకు జరుగుతాయి. ఏ వరుసలో ఎన్ని పెట్టారో కాగితం మీద ఉంటుంది. అన్నీ తిరిగి రావాలి.

"మా ఆఖరు వరుసల ఒకటి తక్కువొచ్చింది. మూడు దినాలు దేవులాడినం. దొరకలే. వానకు కొట్టుకపోయిందో, ఏ జంతువన్న తొక్కిందో అని రాసి పొలం ఇచ్చేసిన్రు. ఆ వరుస పెట్టింది నేను. తీసింది నేను."

కొద్ది నెలలకు అదే ఊరిలో పశువుల వెంట పోయిన ఒక పిల్లవాడి కాలు పోయిందని పటాలానికి కబురు వచ్చిందట. ఎనిమిదేండ్లో, తొమ్మిదేండ్లో.

"అది మీరు పెట్టిందేనని ఎవరన్నారు నాయినా?" అన్నాను.

"ఎవ్వరనలే. మాదో, ఇంకో పటాలందో, అవతలోళ్లదో, ఎవ్వరికీ తెల్వదు. నాకు తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"లెక్కల ఒకటి తక్కువుంది గదరా."

ఆ ఊరి పేరు ఇక్కడ వ్రాయను. ఆయన ఏ అధికారినీ తప్పు పట్టలేదు, నేనూ పట్టను. తర్వాత కొన్నేండ్లకు అటువైపు పోస్టింగు పడినప్పుడు ఒక సెలవు రోజున మామూలు బట్టలు వేసుకొని ఆ ఊరికి పోయారట. పొలిమేరలో చాయ్ దుకాణం. అక్కడ కూర్చున్నారు. అడగడానికి నోరు రాలేదు. చాయ్ తాగి, డబ్బులిచ్చి, తిరిగి బస్సెక్కారు.

మరి బల్ల సంగతి? 1989 లో ఇంటికి వచ్చాక మొదటి ప్రభు భోజనపు ఆదివారము అప్పటి పాస్టరుగారు మత్తయి 5 వ అధ్యాయములోని మాట చెప్పారట. బలిపీఠము దగ్గర సహోదరుడు గుర్తుకొస్తే, అర్పణ అక్కడే విడిచి, ముందు వెళ్లి అతనితో సమాధానపడుమన్న మాట. మనము ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు విన్నామో, ఎన్నిసార్లు అలాగే వెళ్లి రొట్టె తీసుకొన్నామో. సిపాయికి అది వాక్యము కాదు, హుకుం. "ముందుగాల పొమ్మన్నడు. నేను పోయి వాపస్ వచ్చిన. పేరు సుత తెల్వదు. పని కానిదే లైన్ల ఎట్ల నిలబడాలె?" అన్నారు. ఇరవై తొమ్మిదేండ్లు తన చేతులతో రసము కాచి, గ్లాసులు నింపి, తను మాత్రము హుకుం తప్పకుండా తలుపు పక్కన కూర్చున్న మనిషిని నేను దాచిన పాపము గలవాడని వేలెత్తి చూపాను.

నా డిప్లొమాలో పాపమును గురించి, ప్రాయశ్చిత్తమును గురించి పాఠాలున్నాయి, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ రాత్రి ఒక్క ముక్క నోటికి రాలేదు. చెప్పగలిగినదల్లా "2011 లో నేను చేసిన ప్రసంగానికి నన్ను క్షమించు నాయినా" అని. ఆయనకు గుర్తుండదనుకొన్నాను.

"గుర్తుంది. మంచిగనే చెప్పినవ్ గ దినం. గొంతు జర తగ్గించాల్సింది" అన్నారు.

ఇద్దరమూ నవ్వాము. ఆయనకు దగ్గు ఆగలేదు. అమ్మ లేచి వచ్చి ఇద్దరినీ తిట్టింది.

అప్పుడు పాతవి ఒక్కొక్కటి గుర్తుకొచ్చాయి. 1997 జనవరిలో ఇంగ్లాండు రాకుమారి డయానా అంగోలా దేశంలో ముఖానికి అద్దము, ఛాతీకి కవచము పెట్టుకొని మందుపాతర్లు తీసిన నేల మీద నడిచిన ఫోటో పేపర్లలో వచ్చింది. నాయిన దానిని కత్తిరించి దాచుకొన్నారు. ముసలితనంలో తెల్లదొరసాని ఫోటో ఎందుకని అమ్మా నేనూ ఎంత ఆటపట్టించామో! ఆ సంవత్సరము డిసెంబరులోనే మందుపాతర్లు మానుకొంటామని చాలా దేశాలు కెనడాలోని ఒట్టావాలో సంతకాలు చేశాయి. మన దేశము చేయలేదు. తర్వాత 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగి, సైన్యము సరిహద్దుకు కదిలి, మళ్లీ ఆ పొలాలలోనే మందుపాతర్లు పెడుతున్నారని వార్తలు వచ్చాయి. క్రిస్మస్ సెలవులకు నేను ఇంట్లోనే ఉన్నాను. నాయిన రేడియో దగ్గర నుండి కదలలేదు, పండుగ అన్నం తినలేదు. "పాత సిపాయి గదా, రక్తం పొంగుతోంది" అని స్నేహితులతో గొప్పగా చెప్పాను.

2018 ఏప్రిల్ 1 పునరుత్థాన పండుగ. మొదటి ఆదివారము కూడా అదే. ఆరాధన ముగిశాక ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని రొట్టె, రసము ఇంటికి తెచ్చాను. ఆ నెల రసము అమ్మ ఒక్కతే కాచింది. నాయిన దిండుకు ఆనుకొని కూర్చున్నారు.

"హుకుం మారిందా?" అని అడిగారు.

"మారలేదు నాయినా. పోలేనివాని తరఫున ఆయనే పోయాడు. ఆ పిల్లవాని దగ్గరికి కూడా పోయే ఉంటాడు. అందుకే ఈ బల్ల" అన్నాను. వేదపండితులు ఎవరైనా వింటే ఈ జవాబులో లోపాలు పట్టవచ్చు. అంతకంటే మంచిది నాకు దొరకలేదు. ఆయన పెద్దల ముఖాలు చూశారు, అమ్మ ముఖము చూశారు. చాలాసేపటికి కుడిచేయి చాచారు. చెయ్యి వణుకుతుంటే అమ్మ కింద తన చెయ్యి పెట్టింది. తీసుకొన్నాక అడిగిన మొదటి మాట, "ఇయ్యాల గుళ్లె ఎంతమంది?" నేను లెక్కపెట్టలేదన్నాను. "పండుగ దినం లెక్క రాయకుంటే ఎట్లరా" అని కసురుకొన్నారు.

జూన్‌లో వెళ్లిపోయారు.

అమ్మ కుటుంబ పింఛను కోసము డిశ్చార్జి బుక్కు, పింఛను ఆర్డరు వెతకడానికి నల్ల ట్రంకు పెట్టె తెరిచాము. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన సంఘాలలో మాజీ సైనికుల కుటుంబాలు ఉంటే, డిశ్చార్జి బుక్కులో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్ కార్డుతో సరిపోయాయో లేదో మనిషి బ్రతికుండగానే చూసుకోండి. మా అమ్మ పేరులో ఒక్క అక్షరము తేడా ఉన్నందుకు ఎన్ని నెలలు తిరిగామో!

పెట్టెలో కాగితాల కింద ఒక కవరు ఉంది. అందులో డయానా ఫోటో, దానితో పాటు మనియార్డరు రసీదుల కట్ట. అన్నీ జైపూర్‌కు, కాళ్లు లేనివారికి కృత్రిమ పాదము ఉచితముగా అమర్చే సంస్థకు. మొదటిది 1990 నవంబరు, యాభై రూపాయలు. ఏడాదికొకటి, ప్రతి నవంబరులో. బ్రతికే ఉన్నానని పింఛనుదారులు సర్టిఫికెట్ ఇచ్చే నెల అది. వరుసగా పేర్చి అమ్మా నేనూ లెక్కపెట్టాము. ఒక సంవత్సరానిది లేదు. పెట్టె బోర్లించి, బట్టలన్నీ దులిపి చూశాము, దొరకలేదు.

ఇప్పుడు అమ్మ పింఛనులో నుండి నవంబరులో పంపుతున్నాము. గ్లాసులు కూడా ఆమే లెక్కపెడుతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పి మళ్లీ ఒకటి నుండి మొదలుపెడుతుంది.